వసంతంలో కొండ సవారీ: బైర్లూటి జీపా, అహోబిలం కాలిబాటా, గండికోట సైకిలా?

పంచాంగం ప్రకారం వసంతమంటే చైత్ర వైశాఖాలు. సీమ కొండలకు ఆ లెక్క కుదరదు. వైశాఖం వచ్చేసరికి కర్నూలు, నంద్యాల, కడప, అనంతపురంలో ఎండ 40 డిగ్రీలు దాటి ఉంటుంది, కొండరాయి మీద చెయ్యి ఆనించలేం. అడవికి పోయి జంతువుల్ని, పక్షుల్ని చూడటానికి అనువైన వసంతం ఇక్కడ మాఘం చివర్లో మొదలై చైత్రం సగంలో అయిపోతుంది. అంటే ఫిబ్రవరి మూడో వారం నుంచి ఏప్రిల్ రెండో వారం దాకా. ఈ ఏడెనిమిది వారాలకు ఏ కొండ ఎంచుకోవాలి, దేని మీద వెళ్లాలి అన్నదే ఇక్కడి విషయం.

చాలామంది జంతువు పేరుతో మొదలుపెడతారు. పులి కనబడుతుందా, ఎలుగుబంటి కనబడుతుందా అని. ఆ ప్రశ్న పక్కన పెట్టండి. ఫాల్గుణంలో అడగాల్సింది వేరే: అక్కడ నీళ్లు ఎక్కడ మిగిలాయి? ఆ నీళ్లకు ఎంత దూరంలో మనల్ని ఆగనిస్తారు? నల్లమల, లంకమల, పాలకొండలు ఆకురాల్చే అడవులు. మార్చి నాటికి నల్లమద్ది, చిరుమాను, టేకు ఆకు రాల్చేసి ఉంటాయి. వర్షాకాలంలో పది అడుగులు కనబడని చోట ఇప్పుడు వంద అడుగుల దాకా చూపు ఆనుతుంది. అదే సమయంలో వంకలు పారడం ఆగి గుండాలుగా, చెలమలుగా తెగిపోతాయి. అటవీ శాఖ వాళ్లు సాసర్ పిట్లు (పళ్లెంలాంటి తొట్లు) కట్టి ట్యాంకర్లతో నీళ్లు నింపుతారు. అడవంతా చెదిరిపోయి తిరిగే దుప్పులు, కణుతులు, అడవిపందులు ఆ కొద్ది నీళ్ల చుట్టూ చేరతాయి. వాటి వెనకాలే చిరుత, రేచుకుక్కలు వస్తాయి. వసంతంలో జంతువులు ఎక్కువగా కనబడటానికి కారణం ఇదే. నీటిదగ్గర ఆగనివ్వని సవారీకి ఎంత పేరున్నా ఈ నెలల్లో దాని విలువ సగమే.

బైర్లూటి, పచ్చర్ల: నల్లమలలో జీపు

పాత కర్నూలు జిల్లాలో జీపు సఫారీకి రెండు చోట్లున్నాయి. ఒకటి ఆత్మకూరు దాటాక దోర్నాల దారిలో బైర్లూటి, రెండోది నంద్యాల నుంచి గిద్దలూరు పోయే దారిలో పచ్చర్ల. రెండూ అటవీ శాఖ వనవిహార క్యాంపులే, రెండు చోట్లా రాత్రి బస ఉంది. బైర్లూటి నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల రిజర్వులోది. 1983లో ఏర్పడిన ఈ రిజర్వు విస్తీర్ణంలో దేశంలోకెల్లా పెద్దది. పచ్చర్ల గుండ్ల బ్రహ్మేశ్వరం అభయారణ్యం వైపు ఉంటుంది.

అడవి పెద్దదైనంత మాత్రాన పులి సులువుగా కనబడదు. మధ్యప్రదేశ్ రిజర్వుల్లో చదరపు కిలోమీటరుకు ఉన్నన్ని దుప్పులు ఇక్కడ లేవు. కొండలు, లోయలు ఎక్కువ, దారులు తక్కువ. పులి కోసమే వెళ్తే నిరాశ తప్పదు. చుక్కల దుప్పి, కణితి, కొండముచ్చు, బెట్టుడుత, అడవికోడి, నెమలి, అదృష్టం బాగుంటే ఎలుగు లేదా చిరుత అనుకుని వెళ్తే నిండుగా తిరిగొస్తారు.

రెండింట్లో ఏది? ఒక రాత్రి ఉండి ఉదయం, సాయంత్రం రెండు సవారీలు చేయగలిగితే బైర్లూటికే వెళ్లండి. అడవి లోతు ఎక్కువ, లారీల చప్పుడు తక్కువ. ఆత్మకూరు–దోర్నాల రోడ్డు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా జంతువుల కోసం మూసేస్తారు కాబట్టి రాత్రి అడవి అడవిలాగే ఉంటుంది. చేతిలో ఒక పూటే ఉండి, నంద్యాల నుంచి వస్తున్నారా, అప్పుడు పచ్చర్ల. పెద్ద రోడ్డు పక్కనే ఉండటం దానికి సౌకర్యమూ, లోటూ రెండూ. వాహనాల రొదకు అలవాటుపడని కణుతులు రోడ్డువైపు కుంటలకు చీకటి పడ్డాకే దిగుతాయి. అందుకని పచ్చర్లలో ఉదయం సవారీ మేలు. బైర్లూటిలో మాత్రం మార్చి సగం దాటాక సాయంత్రం మేలు, ఎందుకంటే పగలంతా ఎండలో దప్పికగొన్న జంతువు నాలుగున్నర తర్వాత నీళ్లకు దిగక తప్పదు. ఫిబ్రవరిలో ఈ తేడా అంతగా కనబడదు, పొద్దున్నే చలి ఉంటుంది కాబట్టి జంతువులు ఎనిమిది దాకా తిరుగుతూనే ఉంటాయి.

ఉదయమైతే మొదటి జీపు మీదే కావాలని ముందురోజే మాట్లాడుకోండి. రాత్రి దారిమీది మెత్తటి దుమ్ములో పడిన అడుగులు మొదటి జీపుకే దొరుకుతాయి. రెండో జీపు చక్రాలు వాటిని చెరిపేశాక వచ్చినవాళ్లకు ఏమీ మిగలదు. అడుగు కనబడితే దిగకుండానే ఆపించి చూడండి. పిల్లిజాతి పాదంలో గోరు గుర్తులుండవు, నడుస్తున్నప్పుడు గోళ్లు లోపలికి ముడుచుకుంటాయి. రేచుకుక్క, దుమ్ములగొండి అడుగుల్లో గోళ్లు దిగబడి ఉంటాయి. జానెడులో సగం కంటే పెద్దగా, గుండ్రంగా ఉంటే పెద్దపులి కావచ్చు. అంతకంటే చిన్నదైతే చిరుత. మనిషి పాదంలా పొడుగ్గా ఉండి వేళ్ల ముందు పొడవాటి గోళ్ల గీతలుంటే ఎలుగుబంటి.

జీపులో చివరి వరుస వద్దు. దుమ్మంతా అక్కడే లేస్తుంది, కుదుపూ అక్కడే ఎక్కువ. మధ్య వరుస దొరికితే నడుముకూ కెమెరాకూ మంచిది. ముందు జీపుకూ మీ జీపుకూ కనీసం పావుగంట ఎడం ఉంచమని డ్రైవరుకు చెప్పండి. వేగం గంటకు 15, 20 కిలోమీటర్లు దాటకూడదు. అన్నిటికంటే ముఖ్యమైన మాట ఇది: దారంతా చుట్టి చూపించమని అడగొద్దు. ఒక్క కుంట దగ్గర, గాలి కుంట మీదినుంచి మీవైపు వీచేలా జీపు ఆపి, ఇంజను కట్టేసి అరగంట కూర్చోబెట్టమని అడగండి. తిరిగే జీపులో కనబడేది జంతువు తోకే. ఆగిన జీపు ముందుకు ముందు నెమళ్లు వస్తాయి, ఆ తర్వాత దుప్పులు. పావుగంట దాకా ఏమీ రాలేదని కదిలిపోవడమే ఎక్కువమంది చేసే తప్పు. నీళ్లకు దిగే ముందు దుప్పి పొదల్లోనే నిలబడి, చెవులు తిప్పుతూ చాలాసేపు చూస్తుంది. మీరు కదిలేది సరిగ్గా అది దిగబోయే వేళకు.

కుంట లేకపోతే పూసిన మోదుగ చెట్టు వెతకండి. ఫిబ్రవరి, మార్చిలో ఆకు లేని మోదుగ ఎర్రగా మండుతుంటుంది. చిలుకలు, గోరింకలు, తేనెపిట్టలు పైకొమ్మల్లో ఉంటాయి. కొండముచ్చులు గుత్తులు తుంచి, రెండు రెక్కలు నమిలి మిగతాది కిందికి వదిలేస్తాయి. వాటికింద చుక్కల దుప్పులు తలెత్తి నిలబడి, పువ్వు రాలగానే ఏరుకుంటాయి. ఈ రెండు జాతుల ఉమ్మడి కాపలా చూడదగ్గది: కొండముచ్చుకు ఎత్తునుంచి చూపు, దుప్పికి ముక్కు, చెవి. పైనుంచి కొండముచ్చు దగ్గినట్టు ఖక్ ఖక్ అని అరిస్తే, కింద దుప్పులు ఒక్కసారి తోక లేపి అటే చూస్తే, చిరుత దగ్గర్లో ఉన్నట్టు. దుప్పి ఒక్కటే అరిస్తే అంత నమ్మక్కర్లేదు, అడవిపంది కదిలినా అరుస్తుంది. కణితి గట్టిగా, బూర ఊదినట్టు అరిచి, మళ్లీ మళ్లీ అరుస్తుంటే మాత్రం జీపు కదలనివ్వకండి.

ఇప్పచెట్టు మార్చి చివర, ఏప్రిల్‌లో పూస్తుంది. పువ్వు రాత్రి రాలుతుంది. తెల్లారేసరికి ఎలుగుబంట్లు, దుప్పులు చెట్టుకింద ఉంటాయి. తర్వాత చెంచు కుటుంబాలు గంపలతో ఏరుకోవడానికి వస్తాయి. క్యాంపుల్లో దారి చూపేవాళ్లలో చెంచులు ఉంటారు. ఎక్కడ ఏ గుండంలో నీళ్లున్నాయో వాళ్లకు తెలిసినట్టు ఏ మ్యాపుకూ తెలియదు. వాళ్ల మాట విని, వాళ్లు ఆగమన్నచోట ఆగండి.

పెద్దవాళ్లు జీపు కుదుపు పడలేరనుకుంటే ఇంకో దారి ఉంది. నంద్యాల–గిద్దలూరు రైలు గాజులపల్లె, చలమ, దిగువమెట్ట మీదుగా నల్లమలను అడ్డంగా కోసుకుంటూ, బొగద సొరంగం గుండా పోతుంది. పగటిపూట ప్యాసింజరులో కిటికీ పక్కన కూర్చుంటే మోదుగలు, బూరుగులు పూసిన అడవి మొత్తం కళ్లముందు సాగుతుంది. జంతువుల మీద ఆశ పెట్టుకోవద్దు, అడవి మీద పెట్టుకోండి.

అహోబిలం: కాళ్ల మీద

నడిచి చూడాలనుకునేవాళ్లకు సీమలో ఇంతకంటే మంచి దారి లేదు, కానీ ఎప్పుడు వెళ్తున్నామన్న దాని మీదే అంతా ఉంది. దిగువ అహోబిలం నుంచి ఎగువ అహోబిలానికి 8 కిలోమీటర్లు బండి మీద వెళ్లవచ్చు. అక్కడినుంచి భవనాశి వంక వెంట రాళ్ల మీద, మెట్ల మీద జ్వాలా నరసింహుడి గుడి దాకా నడక. ఉగ్రస్తంభం ఎక్కాలంటే అక్కడినుంచి నిటారు. ఎగువ అహోబిలం నుంచి ఉగ్రస్తంభం దాకా పోయి రావడానికి మామూలు నడకవాళ్లకు 5, 6 గంటలు పడుతుంది. ఉదయం ఆరుకు మొదలుపెట్టి పదకొండు లోపల వంకలో నీడకు చేరుకునేలా లెక్కేసుకోండి. తొమ్మిదికి మొదలుపెట్టినవాళ్లు పైన చెట్టు లేని రాతి మీద మిట్టమధ్యాహ్నం చిక్కుకుంటారు. వడదెబ్బ తగిలేది అక్కడే.

వర్షాకాలంలో భవనాశి జలపాతాలుగా దూకుతుంది. వసంతంలో సన్నని ధారలు, గుండాలు మిగులుతాయి. చూసేవాళ్లకు అదే మేలు. గుండం దగ్గర పావుగంట కూర్చుంటే లకుముకి పిట్ట, జిట్టకోడి, బెట్టుడుత ఒకటి తర్వాత ఒకటి వస్తాయి. కొండగోగు చెట్లు ఆకు లేకుండా పసుపుపచ్చటి పూలతో బండల మీద నిలబడి ఉంటాయి.

ఫాల్గుణంలో అహోబిలం బ్రహ్మోత్సవాలు జరుగుతాయి. ఆ రోజుల్లో దేవుడి కోసం వెళ్లండి, జంతువుల కోసం వద్దు. దారంతా జనం, మైకులు. శని, ఆదివారాలూ, స్వాతి నక్షత్రం రోజూ రద్దీయే. మంగళ, బుధవారాల్లో తెల్లవారుజామున అదే దారి వేరే లోకంలా ఉంటుంది. కోతుల విషయంలో జాగ్రత్త: చేతిలో కవరు కనబడితే లాక్కుపోతాయి. తిండి సంచి లోపలే ఉంచి, వాటి కళ్లలోకి చూడకుండా నడవండి.

కాలినడకకు అసలు ప్రమాదం చిరుత కాదు, ఎలుగుబంటి. దానికి చూపు తక్కువ. పుట్ట తవ్వుతూ, పండ్లు తింటూ ఒళ్లు మరిచి ఉంటుంది. మలుపు తిరగ్గానే పదడుగుల్లో మనిషి కనబడితే బెదిరి మీద పడుతుంది. పైగా డిసెంబరు, జనవరిలో ఈనిన తల్లులు ఈ నెలల్లోనే పిల్లల్ని వీపున ఎక్కించుకుని బయటికొస్తాయి. అందుకని తెల్లవారుజామున, సాయంత్రం నలుగురైదుగురు కలిసి, మామూలు గొంతుతో మాట్లాడుకుంటూ నడవండి. జంతువుల్ని చూడాలంటే నిశ్శబ్దంగా ఉండాలి కదా అంటారు, నిజమే. కానీ ఆ నిశ్శబ్దం కూర్చున్నచోట పాటించండి, నడిచేటప్పుడు వద్దు. ఎలుగు కనబడితే పరిగెత్తకండి. దానివైపే చూస్తూ వెనక్కి మెల్లగా జరగండి. గుహలు, బండల సందుల్లోకి తొంగిచూడటం మానండి.

ఇంకొకటి దూలగొండి. దాని కాయలు ఈ నెలల్లోనే ఎండి పగులుతాయి. ఆ నూగు గాలికి ఎగిరి మెడ మీద, చేతుల మీద పడితే మంట, దురద. రుద్దితే ముళ్లు ఇంకా లోపలికి దిగుతాయి. గమ్ టేపు అంటించి లాగేసి, తర్వాత చన్నీళ్లతో కడగండి. నిండు చేతుల చొక్కా వేసుకుంటే ఈ బాధ సగం తగ్గుతుంది. చిన్న టేపు చుట్ట జేబులో పెట్టుకోండి.

పావన నరసింహుడి గుడికి జీపులు కూడా తిరుగుతాయి. దారి చాలా ఎగుడుదిగుడు. గర్భిణులు, వెన్నునొప్పి ఉన్నవాళ్లు అది ఎక్కకూడదు.

ఆత్మకూరు వైపునుంచి నాగలూటి, పెద్దచెరువు, భీమునికొలను, కైలాసద్వారం మీదుగా శ్రీశైలం నడిచే దారి గురించి చాలామంది అడుగుతుంటారు. అది శివరాత్రికీ, ఉగాదికీ భక్తుల కోసం తెరిచే దారి. కన్నడ భక్తులు వేలల్లో నడుస్తారు. ఆ రోజుల్లో జంతువులు దారికి దూరంగా ఉంటాయి. మిగతా రోజుల్లో అది పులుల రిజర్వు, అనుమతి లేకుండా అడుగుపెడితే 1972 వన్యప్రాణి చట్టం కింద కేసు. యాత్రగా గొప్పది, జంతువులు చూసే దారిగా ఎంచుకోవద్దు.

గండికోట: సైకిలు

సొంతంగా తొక్కుకుంటూ, ఎవరి అనుమతీ అక్కర్లేకుండా పోవాలనుకుంటే గండికోట. జమ్మలమడుగు నుంచి 15 కిలోమీటర్ల తారు రోడ్డు, చివర్లో ఎక్కుడు. ఎర్రగుంట్ల–నంద్యాల లైనులో జమ్మలమడుగు స్టేషను ఉంది కాబట్టి సైకిలు రైల్లో వేసుకుని రావచ్చు. కోట దగ్గర పర్యాటక శాఖ బస ఉంది. పెన్న ఎర్రమలను కోసుకుంటూ చేసిన ఈ లోయలో, అటు మైలవరం జలాశయం, ఇటు గండికోట జలాశయం ఉండటం వల్ల మిగతా కొండలు ఎండిపోయినా ఇక్కడ నీళ్లుంటాయి. వసంతంలో ఇది ఎంచుకోవడానికి మొదటి కారణం అదే.

ఇక్కడ చూసేది పెద్ద జంతువుల్ని కాదు. లోయ అంచున గాల్లో తేలే గద్దలు, చీకటి పడేవేళ బండ మీదికొచ్చి కూర్చునే కొండ గుడ్లగూబ, నీళ్ల మీద కొంగలు, బాతులు. రాతిపొదల్లో గొంతు పసుపుపచ్చగా ఉండే పికిలిపిట్ట కోసం చెవి పెట్టండి. అది దక్షిణాది రాతికొండల్లో తప్ప ప్రపంచంలో ఎక్కడా లేదు. లోయ అంచుకు కమ్మీ లేదు, రాళ్లు వదులు. ఫొటో కోసం వెనక్కి నడవకండి.

సైకిలుకు ఇక్కడ శత్రువులు ఇద్దరు: పల్లేరుకాయలు, సర్కారు తుమ్మ ముళ్లు. తారు రోడ్డు దిగి మట్టిదారి పట్టిన పది నిమిషాలకే పంక్చరు పడవచ్చు. ట్యూబుల్లో సీలెంటు పోయించుకుని రండి. అయినా రెండు ట్యూబులు, ప్యాచులు, పంపు దగ్గరుంచుకోండి. కోట దగ్గర సైకిలు షాపు దొరుకుతుందని నమ్ముకోవద్దు. 2.1 అంగుళాల టైరుకు తారు మీద 45 పీఎస్‌ఐ గాలి, రాళ్లదారి మీద 35 సరిపోతుంది. ఇంకా తగ్గిస్తే పదునైన రాయి మీద టైరు రిమ్ముకు నొక్కుకుని ట్యూబుకు పక్కపక్కనే రెండు గాట్లు పడతాయి. ట్యూబు మార్చే ముందు టైరు లోపల వేలితో మెల్లగా తడిమి ముల్లు తీసెయ్యాలి. తియ్యకపోతే కొత్త ట్యూబు కూడా అక్కడే పోతుంది.

లోయ గోడలకు పెద్ద తేనెపట్టులు వేలాడుతుంటాయి. ఈ నెలల్లో పూలెక్కువ కాబట్టి పట్టులూ ఎక్కువే. ఘాటైన సెంటు, పొగ, పట్టు దగ్గర కేకలు, డ్రోను, ఏదీ వద్దు. లేచాయంటే చేతులు ఆడించకుండా, ముఖం గుడ్డతో కప్పుకుని, గదిలోకో కారులోకో పరిగెత్తండి. కొండిని వెంటనే గోటితో గీకి తీసెయ్యాలి, ఆలస్యమైన కొద్దీ విషం ఎక్కుతుంది.

కడప నుంచి సైకిలు మీదే కొండ ఎక్కాలనుకుని గువ్వలచెరువు ఘాటు ఎంచుకునేవాళ్లున్నారు. వద్దు. అది లారీల దారి, మలుపుల్లో పక్కకు జరగడానికి చోటుండదు. కారులో వెళ్లి పాలకోవా కొనుక్కుని రావడానికి బాగుంటుంది.

లంకమల

సిద్ధవటం వైపు శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం పేరు పక్షులు చూసేవాళ్లందరికీ తెలుసు. పక్షిశాస్త్రవేత్త జెర్డన్ కనిపెట్టగా 1848లో బ్లైత్ వర్ణించిన కలివికోడి, అంతరించిపోయిందనుకున్నాక, 1986 జనవరిలో ఇక్కడి ముళ్లపొదల అడవిలోనే మళ్లీ దొరికింది. దాన్ని చూడాలన్న ఆశతో వెళ్లకండి. అది రాత్రిపూట తిరిగే పిట్ట, అత్యంత అరుదు. ఫోనులో దాని అరుపు వినిపించి పిలవాలని చూడటం ఆ పిట్టకు చేసే అపకారం. చట్టం కూడా ఒప్పుకోదు. లంకమలకు పగటిపూట, అనుమతి తీసుకుని, తెరిచి ఉన్న దారిలోనే వెళ్లండి. లంకమల, పాలకొండలు, శేషాచలం ఎర్రచందనం అడవులు. దారి తప్పి తిరిగితే అటవీ సిబ్బంది దొంగలని అనుమానిస్తారు, అది వాళ్ల తప్పు కాదు. గుర్తింపు కార్డు, అనుమతి కాగితం జేబులో ఉండాలి. కొత్తవాళ్లకు మా సలహా: మొదటిసారి లంకమల వద్దు, రెండోసారికి ఉంచుకోండి.

వీరాపురం: చిన్నపిల్లలతో

ఐదారేళ్ల పిల్లలున్న ఇంటివాళ్లు జీపు, కొండ రెండూ మానేసి అనంతపురం దక్షిణాన వీరాపురం వెళ్లడం మంచిది. కొడికొండ దగ్గర బెంగళూరు హైవే వదిలి చిలమత్తూరు వైపు. ఊళ్లోని చింతచెట్ల మీద రంగు కొంగలు గూళ్లు పెడతాయి. జనవరి, ఫిబ్రవరిలో వస్తాయి, మార్చి, ఏప్రిల్‌కు గూళ్లలో పిల్లలుంటాయి, వానాకాలంలో వెళ్లిపోతాయి. వీటిని సైబీరియా పక్షులని చెప్పేస్తుంటారు. కాదు, ఇవి మన దేశపు కొంగలే, నీళ్లను బట్టి చోటు మారుస్తాయి.

ఇది మిగతా చోట్లన్నిటికంటే భిన్నమైన విషయం ఒకటి ఉంది: ఇక్కడ మధ్యాహ్నం కూడా చూడదగ్గదే. ఎండ నెత్తికెక్కేసరికి తల్లికొంగ గూటి అంచున నిలబడి, రెండు రెక్కలు విప్పి, పిల్లల మీద గొడుగు పట్టినట్టు నీడ పడుతుంది. సూర్యుడు జరిగినకొద్దీ అదీ జరుగుతుంది. గంటసేపు కదలకుండా చూడండి, పిల్లలకు వేరే పాఠం అక్కర్లేదు. చెట్టుకింద నిలబడితే రెట్టలు, చేపల కంపు తప్పవు, టోపీ పెట్టుకోండి. చెట్టు కొట్టి, చప్పట్లు కొట్టి కొంగల్ని లేపకండి: లేచిన తల్లి తిరిగొచ్చేలోపు గూటిలోని పిల్లకు ఎండ దెబ్బ తగులుతుంది. చుట్టుపక్కల చెరువులు ఎండిన ఏడు కొంగలు తక్కువ వస్తాయి, బయల్దేరే ముందు ఊరివాళ్లనో హిందూపురంలో తెలిసినవాళ్లనో కనుక్కోండి. అదే రోజు లేపాక్షి కూడా చూసి రావచ్చు.

అనంతపురం పడమటి కొండల్లో, రాయదుర్గం, కళ్యాణదుర్గం వైపు, ఎలుగుబంట్లు ఊళ్ల దాకా వస్తాయి. వాటిని వెతుక్కుంటూ కొండెక్కడం ప్రాణాలతో ఆట. ఎలుగునే చూడాలనుంటే బళ్లారి దాటి కర్ణాటకలోని దరోజి అభయారణ్యానికి వెళ్లండి. 1994లో పెట్టినది. ఎదురుగా ఉన్న కొండ మీదినుంచి మధ్యాహ్నం పూట దిగొచ్చే ఎలుగుల్ని కావలి బురుజు మీదినుంచి, సురక్షితంగా చూడవచ్చు.

కర్నూలువాళ్లకు ఒక పూట మాత్రమే ఉంటే నందికొట్కూరు వైపు రోళ్లపాడు. కొండ కాదు, గడ్డిమైదానం. 6.14 చదరపు కిలోమీటర్లు, 1988లో బట్టమేక పిట్ట కోసం పెట్టినది. ఆ పిట్ట ఇప్పుడు అక్కడ లేదు. కృష్ణజింకలు మాత్రం కనబడతాయి.

సంచిలో ఏముండాలి

బైనాక్యులర్ కొనేటప్పుడు 8×42 తీసుకోండి. 10×50 దూరాన్ని ఎక్కువ దగ్గర చేస్తుంది గానీ జీపులో, అలసిన చేతుల్లో బొమ్మ వణుకుతుంది, బరువూ ఎక్కువ. మనిషికి నీళ్లు: జీపుకు 2 లీటర్లు, అహోబిలం నడకకు 4, సైకిలుకు 3. ఓఆర్‌ఎస్ పెద్ద ప్యాకెట్టు ఒకటి సరిగ్గా లీటరు నీళ్లలో కలపాలి. గ్లాసులో మొత్తం పోసి తాగితే ఉప్పు ఎక్కువై వాంతులవుతాయి. తియ్యటి పానీయాలు దానికి బదులు కావు. బట్టలు ఖాకీ, ముదురు ఆకుపచ్చ, మట్టిరంగు. తెల్లచొక్కా కుంట అవతలి దుప్పికి ఇట్టే కనబడుతుంది. కెమెరా అద్దం మీది దుమ్మును ముందు ఊదండి, తుడిస్తే గీతలు పడతాయి.

పాము కరిస్తే కట్టు బిగించకండి, కోయకండి. కాలు కదపకుండా పడుకోబెట్టి, 108కు ఫోను చేసి, దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రికి చేర్చండి. ఆత్మకూరు, ఆళ్లగడ్డ, నంద్యాల, జమ్మలమడుగు, హిందూపురం, మీరు వెళ్లే దారికి ఏది దగ్గరో బయల్దేరేముందే చూసి పెట్టుకోండి. అడవి లోపల ఫోను సిగ్నలు ఉండదు.

మార్చి, ఏప్రిల్ అడవి మంటల కాలం కూడా. ఎండుటాకు మీద ఒక్క బీడీ ముక్క చాలు. మంట లేస్తే అటవీ శాఖ సఫారీ ఆపేస్తుంది. బుకింగు ఉన్నా పంపరు. అందుకే బైర్లూటికో పచ్చర్లకో వెళ్లేవాళ్లు ముందురోజు సాయంత్రం క్యాంపుకు ఫోను చేసి సఫారీ ఉందా, ఏ కుంటలో నీళ్లున్నాయి అని రెండే మాటలు అడగండి. ఆపేశారంటే నంద్యాల నుంచి మహానంది: కొండకింది ఊట ఏడాది పొడవునా పారుతూనే ఉంటుంది, నీళ్లకొచ్చే పక్షులకు లోటుండదు. ఉదయం అది చూసుకుని, ఎండ పెరిగాక కొలిమిగుండ్ల దగ్గర బెలుం గుహలు. లోపల ఎండ ఉండదు గానీ ఉక్క ఎక్కువ, ఆ నీళ్ల సీసా అక్కడా పనికొస్తుంది.